అడగకుండా తవ్వడమేనా?

పొగ తగ్గాలన్న విషయంలో మనకెవరితోనూ పేచీ లేదు. భూమి వేడెక్కితే మండుటెండలో కూలికి పోయేదీ, ఎండిన బోరు దగ్గర బిందెలతో నిలబడేదీ ముందుగా పేద స్త్రీలే. విద్యుత్ బస్సులు రావలసిందే. కానీ వాటి బ్యాటరీలకు కావలసిన లిథియం ఎవరి నేల నుంచి వస్తోంది, అక్కడివాళ్ళను అడిగారా అంటే మాత్రం మనకు అభివృద్ధి నిరోధకులన్న పేరు పెడుతున్నారు.

అర్జెంటీనా ఉత్తరాన జుజుయ్ రాష్ట్రంలో సాలినాస్ గ్రాందెస్ అనే ఉప్పునేలలున్నాయి. కోల్యా, అటకామా ఆదివాసులు అక్కడ ఉప్పు తీసుకుంటూ, లామాలనూ గొర్రెలనూ మేపుకుంటూ బతుకుతున్నారు. మందల వెంట తిరగడం, ఉన్ని వడకడం చాలావరకు స్త్రీల పని. ఆ నేల కింది ఉప్పునీటిలో లిథియం ఉంది. ఆ నీటిని తోడి, పెద్ద మడుగుల్లో నెలల తరబడి ఎండబెట్టి తీయడం ఆ ప్రాంతాల్లో సాగుతున్న పద్ధతి. వానలే తక్కువైన చోట అంత నీరు ఆవిరైపోతే ఊటల గతేమిటి? తమను ఎలా సంప్రదించాలో చెబుతూ అక్కడి గ్రామాలు 2015లో 'కాచీ యూపీ' (ఉప్పులో అడుగుజాడలు) అనే పత్రం రాసుకున్నాయి. 2023 జూన్‌లో ఆ రాష్ట్ర ప్రభుత్వం తన రాష్ట్ర రాజ్యాంగాన్నే మార్చి రాస్తారోకోలను నిషేధించింది. ఎదురు తిరిగిన ప్రజల మీద పోలీసులు రబ్బరు తూటాలు కాల్చారు. ఆదివాసులు ఊరుకోలేదు, ఆగస్టు 1 నాటికి రాజధాని బ్యూనస్ ఐరిస్ చేరి న్యాయం అడిగారు.

ఇది దూరదేశపు కథ అనుకోవద్దు. 2023 ఆగస్టులో మన పార్లమెంటు గనుల చట్టాన్ని సవరించి, లిథియం తవ్వకాన్ని ప్రైవేటు కంపెనీలకు తెరిచింది. 2024లో దేశంలో మొదటిసారి వేలంలో అమ్ముడుపోయిన లిథియం బ్లాకు ఛత్తీస్‌గఢ్ కోర్బా జిల్లాలోని కట్‌ఘోరా. బొగ్గు గనులతో ఇప్పటికే నలిగిన, ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతమిది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ లిథియం వంటి కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదని ఉత్తర్వు ఇచ్చింది. వ్యూహాత్మక అవసరమట!

ప్రజాభిప్రాయ సేకరణ ఎంత తూతూమంత్రంగా సాగుతుందో మనకు తెలియనిది కాదు. పోలీసుల మధ్య సభ, మగ పెద్దల చేతిలో మైకు. అయినా పట్టాలో పేరు లేని స్త్రీ, నష్టపరిహారం జాబితాలో చోటు లేని స్త్రీ, పుల్లలూ ఆకులూ ఏరుకుని బతికే స్త్రీ లేచి తన మాటను రికార్డుకెక్కించగలిగే చోట్లు ఎన్నో లేవు. 1997లో తప్పనిసరైన ఆ హక్కును ఇప్పుడు 'శుభ్రమైన ఇంధనం' పేరుతో ఊడబెరుకుతున్నారు. అదే 1997లో మన విశాఖ ఏజెన్సీ నుంచి వెళ్ళిన సమత కేసులో, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకివ్వరాదని సుప్రీంకోర్టు చెప్పింది. పోరాడి సాధించినవి పోరాడకుండా నిలవవని మనకు తెలుసు.

తవ్వకమొక్కటే దారి కూడా కాదు. పాత బ్యాటరీల నుంచి లోహాలను తిరిగి తీయవలసిన బాధ్యత ఉత్పత్తిదారులదేనని 2022 నిబంధనలు చెబుతున్నాయి. వాటిని గట్టిగా అమలు చేయాలి. చెత్త ఏరే, సామాను విడదీసే స్త్రీలకు ఆ పనిలో రక్షణా, న్యాయమైన కూలీ ఉండాలి. ఇంటికో కారు కన్నా ఊరికి నాలుగు బస్సులు వేస్తే లిథియమూ తక్కువే పడుతుంది, ఆడవాళ్ళ ప్రయాణమూ సాగుతుంది.

2025 నాటి మినహాయింపును రద్దు చేయాలని ప్రతి మహిళా సంఘమూ తీర్మానం చేసి కేంద్రానికి పంపాలి. గనుల ఊసున్న ప్రతి ఊళ్ళోనూ గ్రామసభకు ముందే స్త్రీలు విడిగా కూర్చుని మాట్లాడుకునేలా చూడాలి. శుభ్రమైన ఇంధనం కావాలి. కానీ మన నోరు మూసి తెచ్చేది శుభ్రమైనది కాదు.