పొట్టి యక్షుడికి బొజ్జ ఎందుకు?

పల్నాడు జిల్లా అమరావతి స్తూపం శిల్పాల్లో లావుపాటి పూలదండ మోసే పొట్టి యక్షులున్నారు. ఆ శిల్పాలు చాలావరకు ఇప్పుడు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. "లేని యక్షులకు సైన్సేమిటి?" అని పెద్దలు కొట్టిపారేస్తారు. నేనొప్పుకోను. లేనివాళ్లయినా లెక్కకు పనికొస్తారు.

మనిషిని అదే పోలికతో సగం ఎత్తుకు కుదిస్తే బరువు 8వ వంతే మిగులుతుంది. కండ అడ్డుకోత వైశాల్యం, దానితోపాటు బలం, 4వ వంతు మిగులుతుంది. అంటే తన బరువుతో పోలిస్తే యక్షుడు మనకు రెట్టింపు బలశాలి! (చీమను చూడండి.) కానీ చిన్న ఒంట్లో వేడి త్వరగా పోతుంది, మాటిమాటికీ తినాలి. బొజ్జ అందుకేనా?

శిల్పి ఇదంతా లెక్కవేశాడనను. పాఠంలో తాటిచెట్టంత రాక్షసుడొచ్చినప్పుడు, "వాడి కాళ్లు ఆ బరువు ఆపుతాయా సార్?" అని అడిగిన పిల్లవాణ్ణి మాత్రం గదమాయించి కూర్చోబెట్టకండి.