పరాసు సీసా

బియ్యం పాతబడితే అన్నం పొడిపొడిగా వస్తుంది. నెయ్యి పాతబడితే వైద్యులకు మందు. మద్యం సంగతీ అంతేనని చరకుడే అన్నాడు: కొత్తది బరువు, దోషకరం, పాతది తేలిక. పుచ్చుకొమ్మని నేను సిఫారసు చేయడం లేదు సుమండీ! పాతదనానికి ఎంత గౌరవమో చెబుతున్నానంతే.

ఈ గౌరవాన్ని వ్యాపారం చేసిన పరాసు మహానుభావుడొకడున్నాడు. (ఫ్రెంచివారిని మన పూర్వులు పరాసులనేవారు.) పేరు లూయీ గాస్పార్ దెస్తూర్నెల్. బొబ్బిలి యుద్ధం జరిగిన ఐదేళ్ళకు, 1762లో పుట్టాడు. బోర్డో నగరానికి ఉత్తరాన సేంటెస్తెఫ్ అనే ఊళ్ళో, కోస్ అనే గులకరాళ్ళ గుట్టమీది ద్రాక్షతోట 1791లో ఆయనకు సంక్రమించింది. తన ఎర్రని ద్రాక్షాసవాన్ని ఓడలమీద ఇండియాకు పంపేవాడు. అమ్ముడుపోక తిరిగివెళ్ళిన సరుకు రుచి సముద్రప్రయాణంలో మరింత కుదిరిందట! ఆ సీసాలమీద తిరుగుటపా గుర్తుగా ‘ఆర్’ అనే అక్షరం వేయించాడని చెబుతారు. మోజు ముదిరి, సరుకు దాచే కొట్లమీద మన తూర్పుదేశాల తరహా గోపురాలు లేపాడు. సేంటెస్తెఫ్ మహారాజా అని బిరుదు తెచ్చుకున్నాడు. చివరికి అప్పులపాలై 1852లో తోట అమ్ముకొని, మరుసటి ఏడు కన్నుమూశాడు. 1855లో బోర్డో తోటలకు తరగతులు కట్టినప్పుడు ఆయన తోట రెండవ తరగతికెక్కింది. గోపురాలు నేటికీ ఉన్నాయి.

ఇదంతా చదవవలసిన అగత్యం నాకు పాతబస్తీలో పట్టింది. శాలిబండలో నాకొక మిత్రులున్నారు. వారి తాతగారు ఒక దేవిడీలో కొలువు చేశారు. ఫలక్‌నుమాలో నూటొక్కమంది కూర్చునే భోజనపుబల్ల వేసిన రోజులవి. దేవిడీ సామాను చెల్లాచెదురైనప్పుడు గాజుపాత్రల పెట్టె ఒకటి వీరికి దక్కింది. అందులో ఒక నిండు సీసా. చీటీని పురుగు తినగా సేంటెస్తెఫ్ అన్న మాట మాత్రం మిగిలింది.

“ప్రొఫెసర్ సాబ్, దీనికి లక్షలొస్తాయని ఎవరో అన్నారు. తాగడం మాకు హరాం, అమ్మడమూ హరామే. వచ్చేనెలలో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. ఏం చేయమంటారు?” అన్నారు.

ధర్మసందేహం తీర్చగల వాణ్ణి కాను. సీసా సంగతి మాత్రం విచారించాను. ఇలాంటి సరుకును పడుకోబెట్టి ఉంచాలి. బిరడా తడిగా ఉంటేనే గాలి చొరబడదు. చీకటి కావాలి, పన్నెండు పదమూడు డిగ్రీల చల్లదనం కావాలి. ఈ సీసానేమో అలమారా నెత్తిన నిలబెట్టారు, వేసవిలో నలభై దాటే ఊళ్ళో! దీపానికి అడ్డంపెట్టి చూశాం. మెడదాకా ఉండవలసిన సరుకు సగానికి దిగింది. ఎరుపు పోయి బెల్లపు నీళ్ళ రంగు తేలింది.

సరుకు బాగున్నా, అది ఎవరెవరి చేతులు మారి వచ్చిందో కొనేవాడికి రుజువు కావాలి. 1985లో లండన్ వేలంలో 1787 నాటి లాఫీత్ సీసా అంటూ ఒకటి లక్షా అయిదువేల పౌన్లకు పోయింది. అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ పేరు పొడి అక్షరాలు దానిమీద చెక్కి ఉన్నాయి. తరువాత, అదే మూలంనుంచి వచ్చిన మరికొన్ని సీసాలమీది అక్షరాలు కరెంటు పనిముట్టుతో చెక్కినవని నిపుణులు తేల్చారు. అంతటి సీసాలకే అనుమానం తప్పకపోతే, చీటీ లేని మన సీసాను నమ్మేదెవరు?

ఉన్నమాట చెప్పాను. మిత్రులు చిన్నబోతారనుకుంటే, గట్టిగా ఊపిరి వదిలి, “అల్లా నా పని తేలిక చేశాడు” అన్నారు. బిరడా తీయబోతే పొడిపొడిగా రాలింది. గది నిండా సిర్కా వాసన. సరుకును మోరీలో పోయించారు. పెట్టెలోని గాజుపాత్రలకు చౌక్‌లో ఒక వర్తకుడు ఇచ్చిన సొమ్ము ఫీజులో సగానికి వచ్చింది. మిగతా సగానికి ఇంకా తిరుగుతున్నారు.