సర్దుకుపొమ్మని ఆమె ఒక్కదానికే చెబుతున్నాం



పెళ్లి సంబంధాలు, పిల్లల చదువులు, భూమి తగాదాలు అన్నీ మన సంఘంలో గట్టిగానే మాట్లాడుకుంటాం. ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం గొంతు తగ్గిస్తాం. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ల సంసారం గురించి ఈరోజు రాస్తున్నాం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపికగా చివరిదాకా చదవండి.

బైరకూరు హోబళికి ఇది దూరపు మాట కాదు. మనది సరిహద్దు. నంగలి దాటితే ఆంధ్ర. ముళబాగిలు మీదుగా రాత్రీపగలూ లారీలు పోతూనే ఉంటాయి. మన మగవాళ్లు కొందరు ఆ లారీల మీద, ఇంకొందరు బెంగళూరులో కట్టడం పనుల్లో ఉంటారు. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ గనులు మూతపడ్డాక అక్కడి కుటుంబాలవాళ్లు ఎందరో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. బతుకుదెరువు కోసం ఊరు దాటడం తప్పు కాదు. ఊరు దాటినవాళ్లందరినీ అనుమానించమని మేము చెప్పడం లేదు. భార్యాభర్తలు నెలల తరబడి విడివిడిగా బతికే చోట జబ్బుకు దారి దొరుకుతుందని మాత్రమే అంటున్నాం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2017 అంచనాల ప్రకారం పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ దేశం మొత్తం మీద 0.22 శాతం. కర్ణాటకలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.63. సరిహద్దుకు రెండు పక్కలా ఉన్నది మన చుట్టాలే.

మన ఇళ్లలో ఈ సంగతి ఎలా బయటపడుతుందో చూడండి. చాలాసార్లు కడుపుతో ఉన్న ఆడబిడ్డకు ఆసుపత్రిలో మామూలుగా చేసే రక్తపరీక్షలో తెలుస్తుంది. లేదంటే భర్త మంచం పట్టినప్పుడు తెలుస్తుంది. ఇంట్లో మొదటి పరీక్ష ఆమెకు జరిగితే, జబ్బును ఇంటికి తెచ్చింది కూడా ఆమేనని అత్తగారింట్లో తేల్చేస్తారు. ముందు తెలిసింది అంటే ముందు వచ్చింది అని అర్థం కాదు. ఈ చిన్న లెక్క మనకు అర్థం కాకపోవడం వల్ల పుట్టింటికి చేరిన కూతుళ్లు ఉన్నారు.

అప్పుడు పంచాయితీ పెడతాం. ఏదో ఒకటి చెప్పి పంపించాలి కాబట్టి, “సంసారం అన్నాక సర్దుకుపోవాలమ్మా” అంటాం. ఎవరికి చెబుతున్నాం? ఎప్పుడూ ఆమెకే. ఆమె అప్పటికే ఎంత సర్దుకుపోయిందో అడిగినవాళ్లు తక్కువ. మాత్రల డబ్బా బియ్యం డ్రమ్ములో దాచుకుంటుంది. మందులకు కోలారు పోవాలంటే చుట్టాలింటికని అబద్ధం చెబుతుంది. ఆమె తట్ట, ఆమె గ్లాసు వేరుగా పెడతారు. అన్నం వల్ల, నీళ్ల వల్ల, ఒకే పాయిఖానా వాడటం వల్ల ఈ జబ్బు రాదని డాక్టర్లు చెబుతూ నలభై ఏళ్లు కావస్తోంది. అయినా ఆ గ్లాసు వేరుగానే ఉంటుంది. భర్త పరీక్షకు రానంటాడు, కండోమ్ వాడనంటాడు. వాడమని అడిగితే “నా మీద అనుమానమా” అని చెయ్యెత్తుతాడు. అతనికి జబ్బు ముదిరితే గంజి కాచి పోసేదీ, పక్క మార్చేదీ ఆమే. అతను పోయిన పదిరోజులకు “మా వాణ్ణి మింగేసింది” అనే మాట పడేదీ ఆమే. ఇంతకన్నా ఏం సర్దుకోమంటున్నాం?

బాగా తెలిసిన సంబంధం అయితే భయం లేదని కొందరు అంటారు. మేనరికాలు చేసుకునే మనకు ఆ ధైర్యం ఎక్కువ. తమిళనాడులో నామక్కల్ ప్రాంతానికి చెందిన పి. కౌసల్య గారికి దగ్గరి బంధువుతోనే పెళ్లయింది. ఆయన లారీ డ్రైవరు. పెళ్లయిన కొద్దికాలానికే ఆమెకు హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. మొహం దాచుకోకుండా, పేరు దాచుకోకుండా బయటికొచ్చి మాట్లాడిన మొదటి ఆడవాళ్లలో ఆమె ఒకరు. 1998లో చెన్నైలో తనలాంటి ఆడవాళ్లతో కలిసి పాజిటివ్ ఉమెన్ నెట్‌వర్క్ మొదలుపెట్టారు. దగ్గరి చుట్టరికం ఆమెను కాపాడలేదు.

ఇప్పుడు మంచి మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మనలో చాలామంది ఇంకా 1990ల నాటి భయంతోనే ఉన్నారు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. మొదట ఆరు రాష్ట్రాల్లో మొదలైంది, వాటిలో కర్ణాటక, అప్పటి ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. 2017 నుంచి జబ్బు తేలిన వెంటనే మందు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకు ఒక్క మాత్ర. తొమ్మిది దేశాల్లో 1,763 జంటల మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఆ జంటల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, ఇంకొకరికి లేదు. మన చెన్నై, పుణె కూడా అందులో ఉన్నాయి. తొందరగా మందు మొదలుపెడితే రెండోవాళ్లకు సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. ఆ తర్వాత జరిగిన అధ్యయనాలు ఇంకో అడుగు ముందుకేశాయి. మందు మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గినవాళ్ల నుంచి భార్యకు గానీ భర్తకు గానీ కాపురం వల్ల జబ్బు సోకదు. సరైన మందులతో తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశాన్ని కూడా 5 శాతం లోపుకు తేవచ్చు. మందు లేకపోతే అది 15 నుంచి 45 శాతం.

అంటే సంసారం నిలబడటానికి కావలసినవి మూడు: ఇద్దరూ పరీక్ష చేయించుకోవడం, ఇద్దరూ డాక్టరు మాట వినడం, ఇంట్లో మాత్ర దాచుకోవలసిన అవసరం లేకపోవడం. దాచుకుని మింగే మాత్ర ఏదో ఒకరోజు తప్పిపోతుంది. చుట్టాలు దిగినరోజు, ఊళ్లో జాతర రోజు తప్పిపోతుంది. అత్తగారి భయంతో మాత్ర మానితే ఆ ఇంటి ఆరోగ్యమే పోతుంది. సర్దుబాటు ఇల్లంతా చేసుకోవాలి అనేది అందుకే.

“పెళ్లికి ముందు రక్తపరీక్ష సర్టిఫికెట్ తప్పనిసరి అని సంఘం తీర్మానం చేస్తే పోదా” అని అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, కూతుళ్ల మీద ప్రేమతోనే అంటారు. కానీ ఆలోచించండి. జబ్బు సోకిన మొదటి వారాల్లో పరీక్షలో కనిపించకపోవచ్చు. పెళ్లయిన తర్వాత సోకితే ఆ కాగితం ఎందుకు పనికొస్తుంది? ఇక ఆ కాగితాలు ఎవరి చేతుల్లో తిరుగుతాయి? మధ్యవర్తి చేతిలో, పెళ్లి పెద్దల చేతిలో, చివరికి టీ అంగడి దగ్గర. సంబంధం తప్పిపోయిన ప్రతి ఆడబిడ్డ మీదా “రిపోర్టులో ఏదో ఉంది” అనే మాట పుడుతుంది. అబ్బాయీ అమ్మాయీ ఇష్టపడి ఇద్దరూ కలిసి పోయి పరీక్ష చేయించుకుని, ఫలితం తమ ఇద్దరి మధ్యే ఉంచుకుంటే చాలా మంచిది. దాన్ని మనం ప్రోత్సహిద్దాం. తప్పనిసరి మాత్రం వద్దు.

చట్టం ఏమంటుందో కూడా పెద్దలు తెలుసుకోవాలి. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. జబ్బు ఉన్నదనే కారణంతో ఆమెను ఉంటున్న ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి లేదు. నమ్మి చెప్పిన సంగతిని ఆమె ఒప్పుకోకుండా బయటపెట్టడానికి లేదు. ఎదుటివాళ్లకు సోకకుండా జాగ్రత్తపడే బాధ్యత కూడా ఆ చట్టమే పెట్టింది. దాచి పెళ్లి చేసుకునే మగవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. భర్త పోయిన ఇల్లాలికి ఆస్తిలో వాటా జబ్బును బట్టి మారదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా భర్త పోతే పిల్లలతో, అతని తల్లితో పాటు భార్య మొదటి తరగతి వారసురాలు. “నీకెందుకమ్మా భూమి, ఎన్నాళ్లుంటావు” అనేవాళ్లకు ఆమె ఇంకా ముప్పై నలభై ఏళ్లు బతకగలదని చెప్పండి.

ఇంకో మాట. 1986లో దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులను చెన్నైలో కనిపెట్టినవాళ్లు డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల. ఆ సునీతి గారే తర్వాత హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు పెళ్లి సంబంధాలు కుదిర్చారు. చదువు, ఆదాయంతో పాటు ఆరోగ్యం కూడా చూసి జతపరిచేవారు. 2015లో ఆమె పోయారు. 1998లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ జబ్బు ఉన్నవాళ్ల పెళ్లి హక్కు గురించి కఠినంగా మాట్లాడింది. 2002లో ఆ మాటలను కోర్టే పక్కన పెట్టింది. పెద్ద కోర్టు తన మాటను దిద్దుకోగలిగినప్పుడు మన పరిచయ వేదికలు దిద్దుకోలేవా? భర్త పోయిన పాతికేళ్ల పిల్ల మళ్లీ పెళ్లి కావాలనుకుంటే, గుట్టుగా, గౌరవంగా దారి చూపించే ఇద్దరు నమ్మకమైన ఆడవాళ్లు మన సంఘంలో ఉండాలి.

మేము కోరేది ఇంతే. పంచాయితీకి ఇలాంటి సంసారం వస్తే మొదటి ప్రశ్న ఆమెను కాదు, అతణ్ణి అడుగుదాం: “నువ్వు పరీక్ష చేయించుకున్నావా? మందు వేసుకుంటున్నావా?” ఆ గదిలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు కూర్చోవాలి. విన్నది గది దాటకూడదు. ఆమెను పుట్టింటికి పంపే ముందు భూమి కాగితాలు, రేషన్ కార్డు, పిల్లల చదువు సంగతి తేల్చాలి. చెయ్యెత్తే భర్త దగ్గరికి సర్దుకుపొమ్మని పంపకూడదు. విడిపోవడమే ఆమెకు క్షేమమైతే అందుకు తోడు నిలబడాలి.

ఈ రాత చదివేవాళ్లలో ఎవరికైనా, లేదా తెలిసినవాళ్లకు, సలహా కావాలంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, పేరు చెప్పాల్సిన పని లేదు. వచ్చే సమావేశంలో ఈ విషయం పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాం. అక్కడ మాత్రం గొంతు తగ్గించకుండా మాట్లాడుకుందాం.