పొగరాని పొయ్యి, నేర్పని విద్య

నేను పాఠశాలలో చదివే రోజులలో, వేడిగాలి తేలికై పైకి పోతుందని మా సైన్సు మాస్టారు చెప్పగా మేమందరం వల్లె వేశాము. ఇంటికి వచ్చేసరికి మా అమ్మ పత్తికట్టె పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకొని కండ్లు తుడుచుకొంటూ ఉండేది. ఆ పాఠానికీ ఈ పొయ్యికీ చుట్టరికం ఉన్నదని మాకెవరూ చెప్పలేదు. మాకు తోచనూ లేదు.

చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమనున్న నల్లరేగడి ఊళ్లలో మంచి కట్టెకు ఎప్పుడూ కరవే. పత్తి ఏరడం ముగిశాక పీకిన కట్టె, కాయ కోసిన మిరపమొక్కలు, కందికట్టె, పిడకలు – ఇవే వంటచెరకు. మిరపకట్టెలో ఎండుకాయ ఒక్కటి చిక్కుకొని ఉన్నా ఇంటిల్లిపాదీ దగ్గవలసిందే.

1980ల నడుమ మా ఇంటికి పొగగొట్టపు పొయ్యి వచ్చినది. మేస్త్రి ఒక పూటలో కట్టి, గొట్టాన్ని పైకప్పు దాటించి, "ఇక పొగ రాదమ్మా" అని వెళ్లిపోయాడు. మరునాటి ఉదయమే వంటిల్లు పొగతో నిండినది. తప్పెవరిదని విచారించగా, ఆడవాళ్లకు వాడడం చేతకాదని తీర్పు వచ్చినది! దాలిలో పిడకనిప్పును పొద్దస్తమానం ఆరనీయక, పాలు పొంగనీయక కాచే మనిషికి నిప్పుతో వ్యవహారం తెలియదట. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అసలు సంగతి ఏమంటే, ఆ పొయ్యిది వేరొక పద్ధతి. అది గొట్టంలోని వేడిమి బలం మీదనే గాలిని లాగుతుంది. గొట్టం చల్లగా ఉన్నప్పుడు మొదట గుప్పెడు చితుకులు మండించి దానిని వేడెక్కించాలి. రెండవ కంటిమీద గిన్నె లేకపోతే మూతయినా పెట్టాలి. తెరచి ఉంచితే లాగుడు చెడి పొగ ఇంట్లోకే వస్తుంది. మంట అందుకొన్నాక గొట్టంలోని రేకును కొంత మూయకపోతే వేడి అంతా ఆకాశం పాలు. మసి దులపక వారాలు గడిస్తే గొట్టం ఉన్నా లేనట్టే. ఇందులో ఒక్క ముక్కయినా మేస్త్రి చెప్పలేదు.

మా అమ్మకు తెలిసినది ఆయన అడగనూ లేదు. పత్తికట్టె సన్నగా, పొడుగ్గా ఉంటుంది. భగ్గున మండి చప్పున ఆరుతుంది. ఆ పొయ్యి నోరేమో పొట్టి మొద్దులకు కొలిచి పెట్టినది. ఆమె గునపంతో నోరు పెద్దది చేసినది. గాలి అదుపు తప్పి పొయ్యి మరింత చెడినది. నెల తిరిగేసరికి పాత పొయ్యే మళ్లీ వెలిగినది.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజుగారు పొగలేని వంటిళ్లను గురించి 1953లోనే పుస్తకం వెలువరించారు. 1980లలో ఆరంభమైన కేంద్రప్రభుత్వ కార్యక్రమం 2002లో ముగిసేలోపున మూడు కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు పెట్టినట్టు లెక్కలున్నవి. వాటిలో పెక్కు కొద్దికాలానికే మూలపడినవి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడు 1740లలో పోత ఇనుముతో రూపొందించిన పొయ్యి కూడా, పొగను కిందికి మళ్లించబోయి సరిగా లాగలేదు. తరువాతివారు దిద్దవలసి వచ్చినది. ఆయనను మాత్రం ఎవరూ చేతకానివాడనలేదు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి ఎందరో తల్లుల కండ్లకు సుఖమిచ్చినవి. సంతోషమే. అయినా పెరళ్లలో నీళ్లు కాగేది నేటికీ కట్టెమీదనే.

గత సంక్రాంతికి మా పెరట్లో నేనే ఒక గొట్టపు పొయ్యి కట్టించి, కింది నుండి గాలి ఆడేందుకు అడుగున పోత ఇనుప జాలీ వేయించాను. మూడు రోజులు పొగ తిన్నాను, ఎం.ఏ. పట్టా అక్కరకు రాలేదు. నాలుగవనాడు పక్కింటి పెద్దమ్మ వచ్చి, "అట్టా కాదు నాయనా" అంటూ పత్తికట్టెను మూరెడేసి విరిచి, బిగించి కట్టగట్టి పెట్టినది. అది మొద్దువలె నిదానంగా కాలినది. రేకు సంగతి ఆమెకు నేను చెప్పాను.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒకటి. వేడిగాలి పాఠం వచ్చిననాడు పిల్లలను అటువంటి పొయ్యి దగ్గరకు తీసికొని వెళ్లండి. మంట అందుకొన్నాక, అగరవత్తి వెలిగించి పొయ్యి నోటి ముందు పట్టుకోండి. దాని పొగ లోనికి పోతే గొట్టం లాగుతున్నట్టు. బయటికి మళ్లితే మసి పేరుకొన్నదో, రెండవ కన్ను తెరచి ఉన్నదో పిల్లలే వెదకాలి. ఆపైన, తమ ఇంట ఏ కట్టె ఎట్లా మండుతుందో అమ్మను అడిగి, మరునాడు వచ్చి తరగతికి చెప్పమనండి.