ల్యాప్‌టాప్ కొనే ముందు కూర్చుని లెక్క చూడండి



ఈ నెల మా దగ్గరకు వచ్చిన ప్రశ్న బైబిలు ప్రశ్న కాదు. చండ్రుగొండ మండలములోని ఒక విశ్వాస కుటుంబము అడిగినది. పెద్దమ్మాయి హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంటి దగ్గర నుండే లెక్కల పని చేస్తున్నది. తమ్ముడికి ఫొటోలంటే ప్రాణము. పాత కెమెరా ఒకటి కొనుక్కుని, ఆదివారము ఆరాధన అయ్యాక కనకగిరి గుట్టల వైపు వెళ్లి పిట్టలను తీస్తుంటాడు. (రిజర్వు అడవి లోపలికి అనుమతి లేకుండా పోవద్దని అతడికి చెప్పాము.) సంఘములో పెళ్లిళ్లకు, బాప్తిస్మములకు కూడా అతడే తీస్తాడు. ఇద్దరికీ కలిపి ఒకే ల్యాప్‌టాప్ కొనాలి. మిర్చి అమ్మిన డబ్బులో 60,000 రూపాయలు పక్కన పెట్టారు. దుకాణములో మాత్రము 85,000 రూపాయల గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించి, తక్కువ పడినది వాయిదాల్లో కట్టుకోవచ్చన్నారట. "అయ్యగారూ, ఏమి చేయమంటారు?" అని తండ్రి అడిగారు.

ఇలాంటివి కాపరిని అడగడమేమిటని కొందరు అనుకోవచ్చు. కాని పంట డబ్బు ఎప్పుడో ఒకసారి చేతికొస్తుంది. అది అక్కరలేని చోటికి పోతే విత్తనాల వేళకు అప్పు చేయవలసి వస్తుంది. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానము లూకా సువార్త 14వ అధ్యాయములో ఉన్నది. ల్యాప్‌టాప్ కొనేవారికీ అది వర్తిస్తుంది.

కాబట్టి ముందు పనులు లెక్కపెడదాము. అమ్మాయికి కావలసినవి ఎక్సెల్, మెయిలు, వీడియో మీటింగులు. దీనికి 8 జీబీ ర్యామ్ ఎలాగో సరిపోతుంది. అబ్బాయి సంగతి వేరు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో రా పద్ధతిలో తీసిన ఒక్కొక్క ఫొటో సుమారు 25 నుండి 30 ఎంబీ ఉంటుంది. ఒక పెళ్లికి 500 తీస్తే 12 జీబీ దాటుతుంది. నెలకొక పెళ్లి చొప్పున ఏడాదికి 150 జీబీ పైమాటే. అందుచేత 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ తీసుకోవాలి. ఆ 512 కూడా విండోస్‌లో 476గానే కనిపిస్తుంది. మోసము జరిగిందని దుకాణము వారితో పోట్లాటకు పోవద్దు, అది లెక్కపెట్టే పద్ధతిలోని తేడా. కొన్ని ల్యాప్‌టాపుల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తరువాత పెంచడము కుదరదు. ఆపిల్ వారి మ్యాక్‌బుక్‌లన్నీ ఆ తరహావే. "తరువాత ర్యామ్ వేసుకోవచ్చా?" అని తప్పకుండా అడగండి.

ఇక తెర. దీని గురించి దుకాణములో ఎవరూ మాట్లాడరు, కొనేవారూ అడగరు. ఫొటోలు తీసేవారికి మాత్రము ఇదే ప్రాణము. చవక ల్యాప్‌టాపుల వివరాల కాగితములో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. రంగులు సగము చచ్చిన తెర అని దాని అర్థము. ఫాల్గుణములో మన అడవిలో విరగబూసే మోదుగు పూలను ఆ తెర మీద చూడండి, ఎండిపోయినట్టు కనిపిస్తాయి. అబ్బాయి అది ఫొటోలో లోపమనుకుని రంగు పెంచుతాడు. తీరా ప్రింటు వేయిస్తే పెళ్లికూతురు చీర కళ్లు జిగేలుమనేలా వస్తుంది, ముఖము ఎర్రబారుతుంది. కాబట్టి కాగితము మీద "ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం" లేదా దానికి దగ్గరగా ఉన్నదా అని చూడండి. ఐపీఎస్ తెర అయి ఉండాలి, వెలుగు 300 నిట్స్ ఉంటే మంచిది. కాగితము చదవడము కష్టమైతే ఇంకొక మార్గమున్నది. మీరు తీసిన ఫొటోలు నాలుగు పెన్‌డ్రైవులో వేసుకుని వెళ్లండి. రెండు ల్యాప్‌టాపులు పక్కపక్కన పెట్టించి ఒకే ఫొటో తెరిచి చూడండి. తలను అటూ ఇటూ వంచి చూడండి. మీ కళ్లే చెబుతాయి.

ప్రాసెసర్ విషయములో పేర్లు చూసి భ్రమపడవద్దు. రైజెన్ 5 7520యు అనేది కొత్తదిలా కనిపిస్తుంది. దానిలో మూడవ అంకె 2, అంటే లోపలి నిర్మాణము 2019లో వచ్చిన జెన్ 2. దాని పక్కనే ఉండే 7530యు జెన్ 3. రెండింటి మీదా అంటించేది ఒకే స్టిక్కరు! ఇంటెల్ అయితే ఇటీవలి ఐ5 గాని, ఇప్పుడు కోర్ 5 అని వస్తున్నది గాని ఈ ఇంటి పనికి చాలును.

ఆ 85,000 రూపాయల గేమింగ్ ల్యాప్‌టాప్‌ను మేము వద్దన్నాము. బరువు ఎక్కువ, ఫ్యాను చప్పుడు ఎక్కువ, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. గాలివాన వస్తే గంటల తరబడి కరెంటు పోయే మన వైపు, మీటింగులో ఉన్న అమ్మాయికి బ్యాటరీయే ఆధారము. కృత్రిమ మేధతో ఫొటోలోని మచ్చలు తీసే పనికి గ్రాఫిక్స్ కార్డు ఉంటే త్వరగా అవుతుంది, అది నిజమే. కాని సరదాకు తీసేవాడు ఒక పిట్ట ఫొటోకు రెండు నిమిషాలు ఆగితే ఏమి పోతుంది? వడ్డీ లేని వాయిదాలు అన్నది కూడా ఉచితము కాదు. ప్రాసెసింగు రుసుము, వడ్డీ మీద జీఎస్టీ ఎక్కడో ఒకచోట వచ్చి చేరతాయి. చేతిలో ఉన్న డబ్బుకు అన్నీ కుదరకపోతే ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగండి, తెరలో దిగవద్దు.

సెకండ్‌హ్యాండ్ అయినా ఫరవాలేదు, ఒక్క జాగ్రత్త. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంటెల్ అయితే 8వ తరము కన్న పాతవి విండోస్ 11కు లెక్కలోకి రావు. కంపెనీ ఫైళ్లతో పని చేసే అమ్మాయికి అలాంటిది ఇవ్వకూడదు. కొత్తది కొంటే, రిపేరు మనిషి చండ్రుగొండ దాకా వస్తాడా, లేక మనమే ఖమ్మం మోసుకుపోవాలా అన్నది మన పిన్‌కోడ్ చెప్పి ముందే తేల్చుకోండి.

మరొక మాట గట్టిగానే చెప్పాలి. "ఫొటోషాప్ నేను వేసిస్తాలే" అని దొంగ కాపీ ఎక్కించి ఇచ్చేవారు ఉన్నారు. దొంగిలకూడదన్న ఆజ్ఞకు కంప్యూటరు మినహాయింపు కాదు. పైగా ఆ కాపీలతో పాటు వైరసు వస్తే పోయేది అమ్మాయి ఉద్యోగము. డబ్బు కట్టనక్కరలేనివి న్యాయముగానే దొరుకుతున్నాయి. రా ఫొటోలకు డార్క్‌టేబుల్, దిద్దుబాట్లకు 1996 నుండి ఉన్న జింప్, ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రేఆఫీస్. అలవాటు పడడానికి నెల పడుతుంది, అంతే. తెలుగు టైపుకు విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉన్నది. రామభద్ర, మండలి వంటి యూనికోడ్ అక్షరాలు ఉచితము. సంఘ ఆహ్వాన పత్రిక ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు.

అరవై వేలలో అయిదారు వేలు మిగిల్చి బయటి హార్డ్‌డిస్కులు కొనమన్నాము. ఒకటి కాదు, చిన్నవైనా సరే రెండు. సంఘములో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు, ఫ్లెక్సీకి ఒక్క మంచి ఫొటో కోసము ఇంటిల్లిపాదీ ఫోనులు వెతకడము మేము చూస్తూనే ఉన్నాము. ఏడుస్తూ వెతుకుతారు. గుంపు ఫొటోలో నుండి అమ్మమ్మ ముఖము కత్తిరిస్తే మసకగా వస్తుంది. ఈ అబ్బాయి దగ్గర మా సంఘములోని పెద్దవారి ముఖాలు దాదాపు అందరివీ ఉన్నాయి. ఈ ఏడాది కాలములో వారిలో ఇద్దరు మన మధ్య లేరు. ఆ ఫొటోలు ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉంటే, పిడుగు పడిన రాత్రో, టీ ఒలికిన పూటో వారి ముఖాలు కూడా పోతాయి.

మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి వేరే చోట. ఇది పీటర్ క్రో అనే అమెరికా ఫొటోగ్రాఫరు ప్రచారములోకి తెచ్చిన లెక్క. ఈ ఇంటివారికి ఎలా కుదురుతుందో వారితో కూర్చుని మాట్లాడాము. ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఇంట్లో బీరువాలోని డిస్కులో ఒకటి, జూలూరుపాడులోని మేనత్త గారింట్లో ఇంకొకటి. మేనత్త నెల మొదటి ఆదివారము బల్ల ఆరాధనకు ఎలాగూ మన మందిరానికే వస్తారు. డిస్కు సంచిలో వేసుకుని వస్తే, మధ్యాహ్నము భోజనాల వేళ అబ్బాయి కొత్త ఫొటోలు ఎక్కించి తిరిగి ఇచ్చేస్తాడు.