108 సేవకుల మనోభారము

2005 ఆగష్టు 15వ తేదీన హైదరాబాదులో 108 వాహనము తొలిసారి కదలినది మొదలు దాని మ్రోత తెలుగువారికి సుపరిచితమైనది. బండి యెన్ని నిమిషములలో చేరెను, ఎందరిని ఆసుపత్రికి గొనిపోయెను అనునవి లెక్కల కెక్కుచున్నవి. అందలి ప్రథమచికిత్సకుడును, పైలటని పిలువబడు సారథియు నేమేమి చూచిరో ఆ లెక్క వ్రాయువారెవరు? బండిలో నొక పత్రము నింపుదురు గాని, అది రోగిని గూర్చినది. సేవకుని గూర్చినది కాదు. ఇన్ని మైళ్లకొకసారి బండికైనను మరమ్మతు కలదు!

మేము జాలిగొని పలుకుటలేదు. అమెరికా మానసిక వైద్యసంఘమువారు 2013లో ప్రకటించిన రోగనిర్ణయ గ్రంథమున, తాను ప్రమాదమున చిక్కుకొనకున్నను, వృత్తిరీత్యా మాటిమాటికి ఘోరములను చూచుటయు, మృతదేహావశేషముల నేరుటయు మానసికాఘాత వ్యాధికి హేతువులు కాగలవని యంగీకరించిరి. కెనడాలోని ఆంటారియో రాష్ట్రమువారు 2016లో మరియొక యడుగు వేసిరి. ఆంబులెన్సు సేవకునికి ఈ వ్యాధి కలదని నిపుణులు నిర్ణయించినచో, అది యుద్యోగమువలననే కలిగినదని అచ్చటి చట్టము భావించును. కాదనుటకే ఋజువు కావలెను.

అయితే కొలుచుటెట్లు? ఎన్ని శవములు చూచితివని యడిగిన చాలదు. పదిమంది వృద్ధుల మరణ మొకయెత్తు, రహదారిపై నలిగిన పసిబిడ్డ యొకయెత్తు. మృతుడు తన యూరివాడే యగుట. చేయగలది లేక చూచుచు నిలుచుట. జనము తనపైననే విరుచుకొనిపడుట. బండిలోని నెత్తురు కడుగకమునుపే మరల పిలుపు వచ్చుట: వీనిలో దేని బరువు దానిదే. ఇట్టి పరిశోధనలకు వాడు పట్టికలలో, సంఘటన యెన్నిమారులు జరిగెను, ఎంత బాధించెను అని విడివిడిగా నడుగునవి కలవు. పద్ధతి మంచిదే. కాని యేండ్లు గడచినపిమ్మట జ్ఞాపకముపై నాధారపడి చెప్పిన లెక్క తప్పును. బాధితుడు కొన్నింటిని మరచును, కొన్నింటిని మరువజాలడు. ఏ పిలుపు కెవరు పోయిరో కార్యస్థానమున వ్రాతమూలముగ నున్నదే! సగము లెక్క యందుండియే తేలును. తక్కిన సగము నాటి పని ముగియగనే సేవకుడు వ్రాయవలెను.

సత్యము వ్రాయునా? మనసు దిటవు లేనివాడను ముద్రపడి పని పోవునని భయపడువాడు వ్రాయడు. ఈ సేవ ప్రభుత్వధనముతో గుత్తసంస్థలచే నడుపబడుచున్నది. ఆ పట్టిక గుత్తదారుని చేతిలో నుండరాదు. ప్రభుత్వ వైద్యుని యధీనమున నుండి, గుత్తదారు మారినను సేవకుని వెంటనే పోవలెను. ఘోరమును చూచిన దినమున తక్కిన పని తప్పించి, జీతము తగ్గింపక విశ్రాంతి నీయవలెను. రాబోవు గుత్తపత్రములందు, నిమిషముల షరతు ప్రక్కనే ఈ షరతులను కూడ చేర్పవలసినదని రెండు రాష్ట్రముల ప్రభుత్వములవారిని కోరుచున్నాము.