బంధువుల్ని చూపిన ఆచార్యుడు

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి 1928లో ఒంగోలులో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్సు చదివి, అక్కడే తెలుగు పాఠం చెప్పారు. 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి భాషాశాస్త్రంలో డాక్టరేటు పొందారు. తిరుపతిలో కొంతకాలం పనిచేసి, 1962లో ఉస్మానియాకు వచ్చి భాషాశాస్త్ర శాఖను స్థాపించారు. ఛందస్సూ వ్యాకరణమూ వల్లెవేయడమే తెలుగు చదువుగా సాగుతున్న కాలంలో, మనుషుల నోట పలికే భాషను పరిశీలించడం కూడా పాండిత్యమేనని విద్యార్థులకు అలవాటు చేసిన శాఖ అది. చేకూరి రామారావు వంటి వారు అందులో అధ్యాపకులు.

ఆయన సిద్ధాంత గ్రంథం తెలుగు క్రియాధాతువుల మీద. 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని అచ్చువేసింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లోనే మద్రాసులో బ్రిటిష్ అధికారి ఎల్లిస్ చూపాడు; 1856లో మిషనరీ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాశాడు. ఆ కుటుంబంలో తెలుగు ఎవరికి దగ్గర అన్న ప్రశ్నకు గట్టి జవాబు ఇచ్చినవారు కృష్ణమూర్తి. తమిళ ‘ఇరండు’లో మొదటనున్న అచ్చు తెలుగు ‘రెండు’లో వెనక్కి జరిగి, రేఫ ముందుకు వచ్చింది. గోండీలో అది ‘రండ్’. ఇలాంటి మార్పులనూ వ్యాకరణ లక్షణాలనూ కూడగట్టి, తెలుగు గోండీ, కొండ, కూయి, కువి భాషలతో ఒకే ఉపశాఖలో ఉందని ఆయన స్థాపించారు. అరకు ప్రాంతపు కొండ భాషకు 1969లో వ్యాకరణం రాశారు.

ఈ నిర్ణయాన్ని తెలుగు సమాజం వినీ విననట్టు ఊరుకుంది. తెలుగుకు తోబుట్టువులు అడవుల్లో, ఎక్కువగా లిపి లేకుండా బతుకుతున్న భాషలని ఒప్పుకోవడం మన పెద్దరికానికి కష్టంగా ఉంది కాబోలు. 2008లో ప్రాచీన భాషా హోదా వచ్చినప్పుడు సంబరం చేసుకున్నాం. 2024 అక్టోబరులో మరాఠీ, బెంగాలీ, అస్సామీ, పాళి, ప్రాకృతాలకూ ఆ హోదా ఇచ్చారు. ఇక మన గొప్ప ఏమిటని లెక్కలు వేసుకునేవారికి కృష్ణమూర్తి పనిలో దొరికేది తక్కువ. హోదా వల్ల శాసనాల, తాళపత్రాల పరిశోధనకు డబ్బు వస్తుందన్న మాట నిజమే. కానీ వయసు గురించి వాదించేవారు అరకు సంతలో వినబడే భాషను వినడానికి వెళ్లరు. భాషకు గౌరవం కోరుతూ, ఆ భాష మాట్లాడేవారి మాటలను నమోదు చేయకపోవడం ఉత్త బడాయి.

ఆయన నమోదు చేశారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశంలో మొదటి సంపుటం వ్యవసాయానిది, 1962లో వచ్చింది; రెండోది చేనేతది, 1971లో వచ్చింది. వ్యవసాయ సంపుటానికి సమాచారం ఇచ్చింది రైతులే. కాడి, మేడి, నొగ, కర్రు అన్న నాగలి భాగాలు ఎక్కడ ఏ పేరుతో పలుకుతాయో, కోస్తాలో నాగలి రాయలసీమలో మడక ఎలా అయిందో చూపే ఇలాంటి పదాలను బట్టే తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. గృహనిర్మాణం వంటి వృత్తుల మీద మరికొందరు పండితులు సంపుటాలు తెచ్చారు. 1983లో ప్రభుత్వం ఆ అకాడమీనే రద్దుచేసింది. ట్రాక్టరు వచ్చాక మేడిపట్టే చేయి తగ్గింది, మరమగ్గం వచ్చాక చేమగ్గం చుట్టూ ఉన్న మాటలు సన్నగిల్లాయి. అడగవలసిన నోళ్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే సభలు మాత్రం జోరుగా జరుగుతున్నాయి.

తక్కిన జీవితం సూటిగా చెప్పుకోవచ్చు. 1974లో ఆయన సంపాదకత్వంలో ‘తెలుగు భాషాచరిత్ర’ వెలువడింది. 1985లో నిఘంటుకారుడు గ్విన్‌తో కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో తెచ్చారు. 1986 నుంచి 1993 వరకు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. మాతృభాషలో చదువు, పాలనలో తెలుగు, వాడుక భాషకు ప్రమాణం అన్నవి ఆయన సొంత పట్టింపులు. 1998 నాటి పుస్తకంలో భాషను విద్యకూ సమాజానికీ ముడిపెట్టి చర్చించారు. కేంబ్రిడ్జి ప్రచురించిన ‘ద్రవిడియన్ లాంగ్వేజెస్’ 2003లో, ఆయనకు 75 ఏళ్లు నిండబోతుండగా, వచ్చింది. 2012 ఆగస్టులో హైదరాబాదులో మరణించారు.

ప్రాచీన హోదా పేరిట వచ్చే ప్రతి రూపాయిలో కొంత వృత్తిపదకోశాల పునర్ముద్రణకూ, మిగిలిన వృత్తుల సేకరణకూ కేటాయించాలి. కొండ, కువి, గోండీ మాటలను ఆ భాషల వారితోనే కూర్చుని నమోదు చేసే శిక్షణ తెలుగు శాఖలన్నిటిలో మొదలుపెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ, విశ్వవిద్యాలయాలూ ఈ పని వచ్చే విద్యాసంవత్సరానికే తలపెట్టాలని కోరుతున్నాం.